ఉపకారమునకు లెక్క

ఒకడు లోకమునకు గొప్ప మేలు చేసెను. ఆ మేలు చేయుటలో, వానికి తెలిసియో తెలియకయో, మఱి యెవరికో కీడు కలిగెను. మేలు పొందినవారు లక్షలు. కీడు పొందినవారు కొందఱు, అందులోను నోరులేనివారు. ఇట్టి యెడ ఆ కీడును గూర్చి యడుగుట ధర్మమా, కృతఘ్నతయా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మన యిండ్లలో దినదినమును పుట్టుచు, ఎవరును నోరు మెదపకుండుటచేత దినదినమును అణగిపోవుచున్నది.

ఒక పెద్దకుటుంబమును తలచుకొందము. తండ్రి గతించిన పిమ్మట జ్యేష్ఠుడు కష్టపడి నలుగురు తమ్ములకు చదువు చెప్పించెను, ఉద్యోగములలో కుదిర్చెను. ఊరెల్ల నాతనిని కొనియాడును, కొనియాడదగినవాడే. కాని ఆ నలుగురును చదువుకొన్న దినములలో తెల్లవాఱుజామున లేచి యంతమందికిని వండి వడ్డించిన వితంతువగు అప్పగారి మాట యెవరును తలపెట్టరు. ఆమెకును చదువుకొనవలెనని యుండెనేమో! ఖాతాపుస్తకములో ఆమె పేర ఒక్క పంక్తియైనను లేదు. ఎవరైన నా మాట యెత్తిరా, "అన్నగారికి తప్పు పట్టుచున్నారా?" యని పెద్దలు కన్నెఱ్ఱ చేయుదురు. అన్నగారికి తప్పు పట్టుట వేఱు, అప్పగారిని లెక్కలోనికి తెచ్చుట వేఱు. ఈ రెంటికిని గల భేదమును చూపుటకు మేము నేడొక నదిని సాక్షిగా పిలుచుచున్నాము.

నందననామ సంవత్సరపు కఱవు (1832-33) గుంటూరు మొదలగు మండలములను శ్మశానములుగా చేసెను. గోదావరి ప్రక్కనే పాఱుచుండియు దాని డెల్టాలోని చేలకు నీరు నిశ్చయముగా అందు నుపాయము లేకుండెను. వరదలో పైరు కొట్టుకొని పోవును. వాన తప్పినయెడల ఎండిపోవును. అట్టి తరుణమున ఆర్థరు కాటను 1847లో ధవళేశ్వరమువద్ద ఆనకట్ట నారంభించి 1852లో ముగించెను. నేడు ఆ కాలువల క్రింద సుమారు పదిలక్షల యెకరములు సాగగుచున్నవి. ఆయనను అపరభగీరథుడని జనులు పిలుచుట వట్టి పొగడ్త కాదు. పాత ఆనకట్ట శిథిలమైన పిమ్మట గడచిన శతాబ్ది చివరిభాగమున కట్టిన బ్యారేజికిని ఆయన పేరే పెట్టిరి. ఇంతవఱకు కృతజ్ఞత, ఇందులో మాకును పాలు కలదు, ఏలయన ఆ నీటితో పండిన యన్నము తినని ఆంధ్రులు మిక్కిలి యరుదు.

ఇక లెక్క సంగతి. నది యనగా నీరని మనము తలంతుము. ఆనకట్టను గూర్చి మాటలాడునపుడు ఎన్ని శతకోటి ఘనపుటడుగుల నీరు నిలిచెను, ఎన్ని కాలువలకు పంచబడెను అని మాత్రమే యడుగుదుము. భగీరథుని కథలోను గంగ దిగివచ్చుటయే చెప్పబడినదిగాని ఆమె తనతో ఏమేమి మోసికొని వచ్చెనో చెప్పబడలేదు. నిజమునకు నది కొండల నరగదీసి సముద్రమునకు చేరవేయు బండి. నీరు ఎద్దులవంటిది, సరకు రాయి, గులక, ఇసుక, ఒండ్రు.

ఈ శాస్త్రము బియ్యము గాలించు ఇల్లాలికి చేతికి తెలిసినదే. పాత్రలో నీరు పోసి త్రిప్పుచు వంచునపుడు తవుడును ఊకయు ముందుగ తేలిపోవును. బియ్యపుగింజ నీటి యూపునకు లేచి అంచు దాటును. మట్టిబెడ్డలును రాళ్ళును అడుగున నిలుచును. త్రిప్పుట కొంచెము హెచ్చెనా, రాయియు గింజతో కూడ లేచును. తగ్గెనా, గింజయు కూలబడును. నదియు నిట్లే వాలును బట్టి, లోతును బట్టి, వేగమును బట్టి తన సరకును ఏర్పఱచుకొనును. కొండల యొద్ద బండలు, దిగువను గులకలు, అటుపైని ఇసుక, కడపట సముద్రముకడ మెత్తని ఒండ్రు. ఈ యేర్పాటు వేలయేండ్లు సాగగా డెల్టా పుట్టెను. కోనసీమ నేల నదియిచ్చిన కానుక యని కవులందురు. కానుక కాదు, అది రోజువారీ జీతము వంటిది. ఇచ్చుట మానినచో సముద్రము దానిని మెల్లమెల్లగ తినివేయును.

పాశ్చాత్యులు ఈ గాలించుటను అంకెలలోనికి దించ ప్రయత్నించిరి. 1879లో డ్యూ బోయిసు అను ఫ్రెంచి యింజనీరు రోను నదిని చూచి, అడుగునగల కంకర నీటి లాగుడుచే ఎట్లు కదలునో మొదటిసారి సూత్రముగ చెప్పెను. 1935లో స్వీడనుదేశీయుడగు యుల్‌స్ట్రోము ఒక వింత తేటపఱచెను: నదిలో అన్నిటికంటె సులభముగ లేచునది ఇసుక, గులక బరువుచేతను, మిక్కిలి సన్నని బంకమట్టి ఒకదానినొకటి కఱచికొని యుండుటచేతను అంతకంటె హెచ్చు వేగమును కోరును. ఒకమాఱు కూలబడిన బంకమట్టిని లేపుట యెంత కష్టమో మన మాచారముల విషయమున నెఱుగుదుము. మఱుసటియేట బెర్లినులో షీల్డ్సు అను అమెరికావాసి, రేణువు ఎప్పుడు కదలనారంభించునో ఆ హద్దును కొలిచి చూపెను. ఆ 1936లోనే ఆల్బర్టు ఐన్‌స్టీను కుమారుడు హాన్సు ఆల్బర్టు జ్యూరిచ్‌లో నదీగర్భమున దొర్లు కంకరను గూర్చియే సిద్ధాంతవ్యాసము వ్రాసెను. తండ్రి వెలుతురును గూర్చి చెప్పినది మన బడిపుస్తకముల కెక్కినది. కొడుకు ఇసుకను గూర్చి చెప్పినది మన గాదెలకు దగ్గఱిది.

ఇందు చేప యెక్కడ వచ్చెనని చదువరులడుగవచ్చును. చేపకు ఇల్లు నీరు కాదు, నీటి యడుగు. సాల్మను అను చల్లనిసీమల చేప సముద్రమున పెరిగి, తాను పుట్టిన యేటికి ఎదురెక్కి వచ్చును. ఆడుచేప తోకతో గులకలను కొట్టి గొయ్యి చేసి, అందు గ్రుడ్లు పెట్టి మరల గులకలతో కప్పును. ఆ గులకల సందులనుండి నీరు పాఱుచుండినంతకాలమే గ్రుడ్లకు ప్రాణవాయువు దొరకును. సన్నని ఒండ్రు వచ్చి సందులు పూడ్చెనా, ఆ గ్రుడ్లు ఊపిరాడక తల్లి త్రవ్విన గూటిలోనే నశించును. గులకలే లేకపోయెనా, త్రవ్వుటకు చోటుండదు. మిగిలినవి పెద్దరాళ్ళేయైనచో అవి చేపకు కదలవు. చేప తన నిడివిలో సుమారు పదవవంతు పరిమాణముగల గులకల వఱకు మాత్రమే కదలింపగలదని 1993లో ఇరువురు పరిశోధకులు కొలిచి చెప్పిరి. ఒక గరిటెడు గులకల కొలతలో ఒక వంశము నిలుచుటయో నశించుటయో ఇమిడియున్నది. కావున మట్టి హెచ్చినను కీడే, తగ్గినను కీడే. ఈ రెంటికిని లోకమున చెఱియొక నిదర్శనము కలదు.

హెచ్చుటకు నిదర్శనము కాలిఫోర్నియా. అచట బంగారము దొరకిన పిమ్మట, 1853 మొదలు, గొట్టములతో నీటిని మహావేగముగ కొండలమీదికి చిమ్మి, కొండలనే కరిగించి, మట్టిని ఏళ్ళలోనికి విడిచిరి. యూబా నది గర్భము పైకుబికి, తీరమునగల ఊళ్ళ వీధులకంటె నీరు ఎత్తున పాఱజొచ్చెను. 1875లో మేరీసువిల్లు పట్టణము మునిగెను. తుదకు 1884 జనవరిలో సాయరు అను న్యాయాధిపతి, గనులవారు మట్టిని నదులలో విడువరాదని తీర్పు చెప్పెను. బంగారమువలన దేశమునకు కలిగిన ఐశ్వర్యమును వాదులాటలో బహుగా చెప్పికొనిరి. న్యాయాధిపతి దానిని కాదనలేదు, అది దిగువవాని చేను పూడ్చుటకు హక్కు కాదనెను. మంచి తీర్పు. కాని ఆ వ్యాజ్యములో వాది భూస్వామి. పూడిపోయిన యేళ్ళలోని సాల్మను చేపల పక్షమున వకాలతు పుచ్చుకొన్నవారెవరును లేరు.

ముప్పదియేండ్ల తరువాత గిల్బర్టు అను భూశాస్త్రజ్ఞుడు ఆ మట్టిని వెదకుచు పోయెను. ముందుగ చెక్కతొట్లలో నీరును ఇసుకయు పాఱించి 1914లో ఒక గ్రంథము, ఆ పిమ్మట నదుల వెంబడి తిరిగి 1917లో మఱియొక గ్రంథము ప్రకటించెను. గనులనుండి వచ్చిన మట్టి నూటయేబది కోట్ల ఘనపుగజములకు మించినదనియు, పనామా కాలువ త్రవ్వకమునకు సుమారు ఎనిమిదిరెట్లనియు లెక్క తేల్చెను. అంతకంటె గొప్పమాట, ఆ మట్టి ఒక నెమ్మదియైన అలవలె దిగువకు నడచుచున్నదనియు, పైని గనులు మూసినను క్రింద నదీగర్భము ఎన్నో యేండ్లకుగాని తగ్గదనియు చూపెను. తప్పు మానుట ఒక దినపు పని. దాని ఫలము మానుట తరములపని. తీర్పు చెప్పిన న్యాయాధిపతి అంతకుముందే కాలధర్మము నొందెను; అల మాత్రము నడచుచుండెను.

తగ్గుటకు నిదర్శనము అదే దేశమున వాషింగ్టను రాష్ట్రములోని ఎల్వా నది. ఆనకట్ట మట్టిని వెనుక నిలిపి తేటనీటిని క్రిందికి విడుచును. తేటనీరు మంచిదిగదా యని తోచును. కాని మోయు శక్తియుండి మోయుటకు సరకులేని నీరు నదీగర్భమునే కొఱికికొని పోవును. దానికి శాస్త్రజ్ఞులు ఆకలిగొన్న నీరని పేరిడిరి. ఎల్వామీద 1913 నాటికొకటియు 1927లో మఱియొకటియు కట్టలు వెలసెను. చేపలెక్కు చోట కట్టలు కట్టువారు వానికి దారి విడువవలెనని ఆ రాష్ట్రమున అప్పటికే శాసనమున్నది. దారి విడువలేదు, బదులుగా చేపపిల్లలను పెంచు కేంద్రమొకటి పెట్టెదమనిరి, అదియు 1922లో మూతపడెను. అప్పు తీర్చలేనివాడు పత్రము తిరుగవ్రాసినట్లు! దిగువను గులకలు పోయెను. నదీముఖమున తీరము కోసికొనిపోయి, అచటి క్లాలము జాతివారు ఏఱుకొనెడి గుల్లలును తఱిగెను. కట్టలనుండి పుట్టిన విద్యుత్తు కాగితపు మిల్లులకు వెలుగయ్యెను. ఆ జాతివారిని అడిగినవారు లేరు.

2011 సెప్టెంబరులో ఆ కట్టలను విప్ప నారంభించి 2014 ఆగష్టునాటికి ముగించిరి. వెనుక పేరియున్న మట్టి సుమారు రెండుకోట్ల పదిలక్షల ఘనపుమీటర్లు. అది దిగివచ్చిన తొలియేండ్లలో నీరు బురదయై, చేపలకు మరల కష్టమే కలిగెను. ఇదియు ముందే యెఱిగి, ఓర్చుకొనిరి. నదీముఖమున క్రొత్త ఇసుకతిన్నెలు పెరిగెను. నూఱేండ్లు మూయబడిన పై భాగమునకు సాల్మను మరల ఎక్కెను. క్లాలము వారు అంతకాలము తమ వల తామే కట్టిపెట్టి, 2023 అక్టోబరులో మాత్రము మితముగ కొన్ని చేపలు పట్టుకొనిరి. పండ్రెండేండ్ల యుపవాసము! మన యేకాదశులకంటె నిది కఠినమని మా యభిప్రాయము.

ఇక మన గోదావరికి మరలుదము. ఎల్వాను చూపి ధవళేశ్వరపు కట్టను విప్పుడని చెప్పువారము కాము. అక్కడ నిలిచినవి రెండు మిల్లుల లాభములు. ఇక్కడ నిలిచినవి పదిలక్షల యెకరముల పంటలు. కొలతలు వేఱైనపుడు తీర్పులును వేఱగును. కాని తీర్పు వేఱగుననుట లెక్క వలదనుట కాదు.

సముద్రమున విలస యనబడు చేప వానకాలపు ఎఱ్ఱనీరు సముద్రమున కలియగానే ఆ మంచినీటి జాడ పట్టుకొని గోదావరి కెదురెక్కి, పులస యను పేరు పొందును. పుస్తెలమ్మియైనను పులస తినవలెనని గోదావరిసీమ సామెత. సామెత చేసినవాడు పురుషుడని వేఱుగ చెప్పనక్కఱలేదు. పుస్తెలు వాని మెడలోనివి కావు గదా! ఈ చేప సాల్మనువలె ఎగిరి దుముకజాలదు. దుముకు చేపలకై యేర్పఱచిన మెట్లదారులు దీనికి పనికిరావు. కట్ట యడ్డమైనచో క్రిందనే గుంపుగూడును. అచటనే వలలు కాచియుండును. గంగమీద 1975లో ఫరక్కా బ్యారేజి నడువనారంభించిన పిమ్మట, ఒకప్పుడు ప్రయాగవఱకును పోయిన యీ జాతియే పై గంగలో దాదాపు కనుమఱుగయ్యెను.

మట్టిమాట చూతము. ఆంధ్రవిశ్వకళాపరిషత్తువారైన ఇరువురు భూగోళశాస్త్రజ్ఞులు 2004లో ప్రకటించిన వ్యాసము ప్రకారము, 1970-80 ప్రాంతమున గోదావరి యేటేట మోసికొనివచ్చిన ఒండ్రు సుమారు పదునైదుకోట్ల టన్నులు. 1990-98 నాటికి అది ఆఱుకోట్లకు లోబడెను. ఆ కాలముననే డెల్టా అంచున భూమియు మడయడవులును సముద్రము పాలగుచు వచ్చినవి. పైని గట్టిన జలాశయములే మట్టిని పట్టుకొనుచున్నవని వారి యూహ. పోచంపాడున కట్టిన శ్రీరామసాగరము మొదట 112 శతకోటి ఘనపుటడుగుల నీటికి ఉద్దేశింపబడి, తరువాతి కొలతలలో దాదాపు 90కి తగ్గినదన్నచో, తగ్గిన చోటునెల్ల ఆక్రమించినది క్రిందికి రావలసిన మట్టియే గదా. ఒకే మట్టి: పైవానికి పూడిక, క్రిందివానికి కోత.

ఆ వ్యాసమును గూర్చి ఒక చిన్నమాట. దాని శీర్షికలో, ఇది ఆనకట్టల ఫలమేనా యను చోట, గ్రంథకర్తలు కుండలీకరణములలో ఒక ప్రశ్నార్థకచిహ్నము నుంచిరి. ఆ చిహ్నమును మేము పలుమాఱులు చూచితిమి. ఉద్రేకముతో శపించుటయు లేదు, భయముతో మూసివేయుటయు లేదు. ఇంతవఱకు తెలిసినది, ఇక్కడినుండి విచారింపవలసినది అని నిజాయితీగ గీచిన గీత యది. మన సంఘసంస్కరణ వాదములలో ఇట్టి చిహ్నము లెన్ని యున్నవో చదువరులే చూచుకొనవలెను.

"కఱవున చచ్చు బిడ్డ యొకవైపు, గ్రుడ్లు పెట్టు చేప యొకవైపు, ఏది ముఖ్యము?" అని ఒక మిత్రుడు మమ్ముల నడిగెను. బిడ్డయే ముఖ్యము. అందులో రెండవమాట లేదు. కాని ఆ త్రాసు 1847 నాటిది. బిడ్డను బ్రతికించిన పిమ్మట ఏబదియేండ్లు, నూఱేండ్లు, నూటడెబ్బది యేండ్లు గడచినను అదే బిడ్డను చూపి చేపమాట యెత్తవలదనుట న్యాయము కాదు. ఆపద నాటి మినహాయింపును ఆస్తి హక్కుగ మార్చుకొనుట యది. ఇంటిలో అప్పగారి సంగతియు నింతే. ఆ కష్టకాలమున ఆమె వంటయింట నుండవలసి వచ్చెననుకొందము. తమ్ములు ఉద్యోగములలో కుదిరిన పిమ్మటను ఆమె యక్కడనే యేల యుండెను?

మఱియొక వాదము కలదు. చేపకు మనము ఋణపడి యున్నామా? అది మన కూరకు వచ్చినంతవఱకే గదా దానితో మనకు పని? మత్స్యమును ముట్టని యిండ్లవారు ఈ వాదమును మఱింత సులభముగ చేయుదురు. తమకు చేపతో నే సంబంధమును లేదందురు. మాకట్లు తోచదు. తినువాడు చేపకు ఒకనాటి శత్రువు. దాని దారిని మూసి పండించిన యన్నమును ముప్పూటల తినువానికి సంబంధము లేదనుట యెట్లు? మత్స్యావతారమును మొదటి యవతారముగ పూజించు మనము, మత్స్యము వచ్చు దారిని గూర్చి ఒక్కనాడైన నడుగకుండుట చూడగా, మన భక్తి విగ్రహమునకే గాని ప్రాణికి కాదేమోయని సందేహము కలుగుచున్నది. పుష్కరములలో కోట్లమంది మునుగుదురు. 2015లో మునిగిరి, ఇక 2027లోను మునుగుదురు. ఆ నీటిని తల్లియని పిలుచుట తప్పు కాదు. తల్లి యేమి మోయుచున్నదో, ఎవరికి మోయుచున్నదో తెలిసికొనుట బిడ్డలకు తగని పని యగునా?

తెలియక చేసిన కీడు పాపమనిపించుకొనదని పెద్దలు చెప్పుదురు. ఒప్పుకొందము. 1847లో నదీగర్భపు రేణువులకు సూత్రములు లేవు.  కాని తెలియకపోవుట వేఱు, తెలిసికొనకుండుట వేఱు. మొదటిది స్థితి, రెండవది క్రియ. క్రియకు బాధ్యత కలదు.

ఈ భేదమును అందఱికంటె ముందుగ గ్రహించినవాడు కాటనే యనునది మనవారిలో పెక్కండ్రకు తెలియదు. ఆనకట్ట ముగిసిన పదునైదేండ్లకు, 1867 ప్రాంతమున, నదుల కడ్డముగ కట్టిన యానకట్టలవలన చేపలకు హాని కలుగుచుండవచ్చునని ఆయనయే పైయధికారుల దృష్టికి తెచ్చెను. దానిమీదనే విచారణ పుట్టి, వైద్యుడును మత్స్యశాస్త్రజ్ఞుడును అగు ఫ్రాన్సిసు డే దేశమెల్ల తిరిగి, 1873లో మంచినీటి చేపలను గూర్చి నివేదిక సమర్పించెను. ఆనకట్టలలో చేపలకు దారి విడువవలెనని వాదించెను. తాను కట్టిన దానిమీద తానే ప్రశ్న వేసికొన్న మహనీయుని విగ్రహమునకు మనము పూలదండ వేయుచున్నాము. ఆయన ప్రశ్నను మాత్రము దండతో కూడ నిమజ్జనము చేసితిమి. అడిగినవారిని కృతఘ్నులందుమా? అట్లయిన మొదటి కృతఘ్నుడు ఆయనయే కావలెను.

ఇప్పుడు పోలవరమువద్ద పెద్దకట్ట నిర్మాణములో నున్నది. వరద మొదటి దినములలో ఒండ్రుతో నిండిన నీటిని నిలుపక విడిచిపుచ్చుట, అడుగు తూములనుండి మట్టిని తోయుట, చేపయెక్కు నెలలలో నదికి కొంత నీరు మిగుల్చుట మొదలగు ఉపాయములు లోకమున కలవు. వానిలో ఏది మన నదికి తగునో యింజనీరులును మత్స్యశాస్త్రజ్ఞులును కూర్చుండి తేల్చవలసినది, మేము తేల్పజాలము. కాని వారికి ముందు కావలసినది లెక్క. నీటి లెక్క ప్రతిదినమును వ్రాయబడుచున్నది. పులస లెక్క యానామునుండి ధవళేశ్వరము వఱకు పల్లెకారుల నోళ్ళలో నున్నది: తాతనాడు వలకు ఎన్ని పడెడివి, ఏ కార్తెలో మొదటిది వచ్చెడిది, ఏ రేవున ఇసుక త్రవ్విన పిమ్మట అక్కడ వల వేయుట మానిరి. ఆ తాతలు ఒక్కరొక్కరుగ పోవుచున్నారు. ఏటియొడ్డున బడియున్న ప్రతియూరను ఒక యుపాధ్యాయుడో, చదువుకొన్న యొక యిల్లాలో, ఆషాఢమునుండి భాద్రపదము వఱకు మూడునెలలు ఒక నోటుపుస్తకము పట్టుకొని రేవునకు పోయి, వారు చెప్పినది తేదీతోను, చేప తూకముతోను వ్రాసిపెట్టవచ్చును. దీనికి చందాలు వలదు, సభలు వలదు. పుస్తకమును పెన్సిలును చాలును. ఈ యాషాఢమునకు ఇంకను వ్యవధి యున్నది.